జాడీలో తెచ్చిన కణితి

నేను గుంటూరులో పెథాలజీ ట్యూటరుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ప్రొఫెసరు గారికి ఒక పట్టుదల ఉండేది. పిచ్చి అని ముద్రపడి ఆసుపత్రికి వచ్చినవాళ్లలో కొందరికి మెదడులో కణితి ఉంటుందని, ఎవరూ వెతకడం లేదని ఆయన నమ్మకం. మానసిక వార్డు పాత రికార్డులన్నీ తెప్పించి నా చేత నోట్సు రాయించేవారు. అన్నాళ్లూ కాగితాలే తప్ప ఒక్క కణితీ కనిపించలేదు.

అలాంటి రోజుల్లో మార్టూరు వైపు నుంచి ఒక మిరప రైతును తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా ఆయన నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో లేరట. యార్డులో మిరపకాయల బేరగాళ్లు ఆయన బండి వస్తోందంటే ముందే గొంతు తగ్గించేవారట. అలాంటి మనిషి ఉన్నట్టుండి హాస్యాలు మొదలుపెట్టాడు. బావగారు పోతే, పాడె మోస్తున్నవాళ్లతో, "నెమ్మదిగా నడవండ్రా, మా బావకి కుదుపు పడదు" అన్నాడు. మోసేవాళ్లకి నవ్వాగక పాడె ఒక పక్కకి ఒరిగిందట.

మానసిక వైద్యులు ఆయన్ని కూర్చోబెట్టి, "ఇవాళ ఏం వారమండీ?" అని అడిగారు.

"అయ్యో, మీకూ తెలీదా? మిమ్మల్ని ఇక్కడ చేర్చి ఎన్నాళ్లయింది?" అన్నాడీయన.

మానసిక వైద్యులు నవ్వకుండా చీటీ మీద 'ఉన్మాదం' అని రాసి, నెత్తురు పరీక్షకి మా దగ్గరికి పంపారు. భార్యాభర్తలిద్దరూ మా లేబరేటరీ బల్ల మీద కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే మా అటెండరు మ్యూజియం గదిలోంచి ఒక సీసా తెచ్చి మూత తీశాడు. మూత ఎప్పుడు సడలిందో, లోపలి మందు ఆరిపోయి కాలేయం ముక్క కుళ్లిపోయి ఉంది. ఆ కంపుకి అటెండరు సీసా అక్కడే వదిలేసి పరుగెత్తాడు. నేనూ, పేషెంట్లూ, ఆ రైతు భార్యా అందరం ముక్కుకి కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుని వరండాలోకి వచ్చిపడ్డాం.

తిరిగి చూస్తే ఆ రైతు ఒక్కడే బల్ల మీద కూర్చుని వేరుశనగ ఉండ తింటున్నాడు.

"ఏంటమ్మా అందరూ పరిగెత్తారు? ఇంటర్వెల్ గంట కొట్టారా?" అన్నాడు.

"మీకు వాసన రావట్లేదా అండీ?"

"ఏం వాసన?"

కాఫీ పొడి, కిరసనాయిలు, క్యాంటీన్ నుంచి ఇంగువ తెప్పించాను. కళ్లు మూయించి ఒక్కొక్క ముక్కు రంధ్రం దగ్గరా పెట్టాను. ఇంగువ పీల్చి, "ఇదేదో దుమ్ము" అన్నాడు.

"ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా?" అని భార్యని అడిగాను.

"పాలు విరిగినా తాగేస్తన్నాడు డాక్టరమ్మా. చారు పులిసినా కిక్కురుమనడు. ఇన్నేళ్లకి వంటకి వంక పెట్టడం మానేశాడని నేను సంతోషిస్తన్నా" అంది ఆవిడ.

వాసన నరాలు మెదడు ముందుభాగం కిందనే ఉంటాయి. అక్కడ కణితి పెరిగితే ముందు వాసన పోతుంది, తరువాత మనిషి స్వభావం మారుతుంది. పరుగున వెళ్లి ప్రొఫెసరు గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ సాయంత్రమే కళ్లు పరీక్ష చేయించారు. కంటి వెనుక నరం వాచి ఉంది, తలలో ఒత్తిడి పెరిగిందనడానికి గుర్తు. వారం తిరిగేలోగా రైతుని మద్రాసు పంపించారు.

ఆపరేషన్ జరిగింది. నిమ్మకాయంత కణితి తీశారు. పెరగడమే తప్ప పాకే రకం కాదు. "సగం వాళ్లుంచుకోనీ. సగం మనది" అన్నారు ప్రొఫెసరు గారు. మా పిన్ని ఇల్లు మద్రాసులోనే కాబట్టి తెచ్చే పని నాకు పడింది. గాజు సీసా రైల్లో పగులుతుందని భయపడి, బజారులో ఒక పింగాణీ జాడీ కొన్నాను. మందు పోసి, ముక్క వేసి, మూత పెట్టి, గుడ్డతో వాసెన కట్టాను. రైతుని డిశ్చార్జి చేసింది కూడా ఆ వారమే కావడంతో అందరం ఒకే పగటి బండి ఎక్కాం.

ఎదురు బల్ల మీద చీరాల నుంచి చీరలు తెచ్చి అమ్ముకుని తిరిగి వెళుతున్న ఒక పెద్దావిడ కూర్చుంది. నెల్లూరు దాటాక పెరుగన్నం మూట విప్పి, నా ఒళ్లో జాడీ చూసింది.

"ఏం ఊరగాయమ్మాయ్?"

"ఊరగాయ కాదండీ" అన్నాను.

"వాసెన కట్టి మరీ ఒళ్లో పెట్టుకున్నావ్, ఊరగాయ కాక ఏంటి? ఒక్క ముక్క పెడితే తరిగిపోద్దా?"

తలకి తువ్వాలు చుట్టుకున్న మా రైతు అడ్డుపడ్డాడు. "అది నాది. నా తలకాయలోంచి తీశారు."

రైలు పెట్టె మొత్తం గొల్లున నవ్వింది. ఆపరేషన్‌తో ఆయన మళ్లీ నవ్వని పాత మనిషైపోయాడని వాళ్లకేం తెలుసు? "నేను ఏళాకోళమాడే మనిషిలా కనపడతన్నానా?" అని గర్జించాడు. దాంతో నవ్వు రెట్టింపైంది. ఈ సందట్లో పెద్దావిడ చెయ్యి చాచి వాసెన ముడి పట్టుకుంది. నేను జాడీని గుండెలకి అదుముకుని, నేను డాక్టరునని, అది నిజంగా మనిషి కణితేనని గట్టిగా చెప్పాను.

ఆవిడ అన్నం మూట కట్టేసి బల్ల చివరికి జరిగింది. కానీ సింగరాయకొండ రాకముందే మళ్లీ దగ్గరికి వచ్చేసింది.

"మా తోడికోడలు కూడా ఊరికే నవ్వుద్దమ్మా. దానిక్కూడా ఉందంటావా?"

అక్కడ మొదలుపెట్టి, చుట్టాలందరి గుణాలూ చెప్పి ఎవరి తలలో ఏముందో తేల్చమంది. ఒంగోలు దగ్గర రైతు నిద్రపోయాడు. అప్పుడు ఆయన భార్య నా చెవి దగ్గరికి వంగింది.

"మొత్తం తీసేశారా అమ్మా? ఇసుమంత కూడా ఉంచలేదా?"

"ఉంచకూడదమ్మా. మళ్లీ పెరుగుతుంది."

"అవునులే. ప్రాణం దక్కింది, అది చాలు. ముప్పై ఏళ్ల కాపరంలో నన్ను నవ్వించింది మాత్రం ఆ ఏడు నెల్లే."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వాళ్లు చీరాలలో దిగేదాకా వదల్లేదు.

రెండు నెలల తరువాత ఆయన లేబరేటరీకి వచ్చాడు. తనదేదో తను చూసుకోవాలన్నాడు. ప్రొఫెసరు గారు సంబరంగా మైక్రోస్కోపు కింద స్లైడు పెట్టారు. రైతు చాలాసేపు చూశాడు.

"ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు చక్రాలు చక్రాలుగా ఉందే."

"అదేనయ్యా పుస్తకాల్లో రాసింది!" అన్నారు ప్రొఫెసరు గారు, మెచ్చుకోలుగా.

రైతు తలెత్తలేదు. "అయితే అయ్యా, ఆ ఏడు నెలలూ మాట్లాడింది నేనా, ఇదా?"

"అది మాకూ తెలీదయ్యా. ఎందుకడుగుతున్నావు?" అన్నారు ప్రొఫెసరు గారు.

"మా వియ్యంకుడి మీసాన్ని నలుగుర్లో పట్టుకుని, 'ఇదీ, మా ఇంటి చీపురూ ఒక్క కొట్లోనే కొన్నట్టున్నారే' అన్నానంట. అప్పట్నుంచి మా గడప తొక్కలేదు. మా కూతుర్ని పుట్టింటికి పంపించట్లేదు. నేనన్లేదు, ఇదే అందని ఓ కాగితం రాసియ్యండి."

ప్రొఫెసరు గారు గంభీరంగా కాగితం తీసి, సదరు మాటలు రోగి ఇష్టపూర్వకంగా అన్నవి కావని, మెదడు ముందుభాగంలోని కణితి ప్రభావం వల్ల వచ్చినవని రాసి, సంతకం చేసి, డిపార్టుమెంటు ముద్ర కూడా వేయించారు. ఆ పూట మరి పని జరగలేదు. ఆయన గదిలోకి ఎవరు వెళ్లినా తలవంచుకుని, నవ్వాగక భుజాలు కదుపుతూ కనిపించారు.

ఆ నెలాఖరుకి రైతు దగ్గర నుంచి కార్డు వచ్చింది. వియ్యంకుడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, ఊళ్లో మాస్టారి చేత అర్థం చెప్పించుకుని, అమ్మాయిని స్వయంగా దిగబెట్టాడట. మీసం మాత్రం కత్తిరించుకుని వచ్చాడట.