పచ్చడిలో ఏముంది

మొదట ప్రేమ వ్యవహారమనుకున్నాను. తర్వాత మత్తుమందేమో అనుకున్నాను. అన్నయ్య స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో తన బ్యాగు, ప్యాంటు జేబులు, పుస్తకాల మధ్యన అన్నీ వెతికేదాన్ని. దొరికినవల్లా కోచింగ్ సెంటర్ల కరపత్రాలు. ఒకటీ రెండూ కాదు, తేదీల వారీగా పేర్చి రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో అద్దెకుండే మా ఇంట్లో కరపత్రాలు దొరకడం వింతేం కాదు. రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే నాలుగు చేతిలో పెడతారు. వాటిని దాచుకునే మనిషిని మాత్రం నేనెక్కడా చూడలేదు.

"ఇవన్నీ ఎందుకన్నయ్యా?" అని అడిగాను.

"అందరికీ ఇచ్చేది వేరు, నాకిచ్చేది వేరు. సరిగ్గా చూడు," అన్నాడు.

చూశాను. జావా, టెస్టింగ్, క్లౌడ్, మొదటి క్లాసు ఉచితం. నాకు ఒళ్ళు మండింది. కోర్సు మధ్యలో మానేసి, కిటికీలు మూసుకుని ఇంట్లో కూర్చోవడానికి నాటకాలాడుతున్నాడనుకున్నాను. అనుమానించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. కూరగాయలాయన తక్కెడ నుంచి పంజాగుట్టలో మా ఆఫీసు పక్క సీటావిడ నవ్వు దాకా దేన్నీ ఊరికే నమ్మను. అలాంటిదాన్ని, సొంత అన్నయ్య దగ్గరికొచ్చేసరికి జబ్బు ఒక్కటి వదిలేసి మిగిలినవన్నీ అనుమానించాను.

అమ్మ మొదట దిష్టి తీసింది. అది పనిచెయ్యకపోయేసరికి నాన్న తరఫు వాళ్ళ మీద పడింది. "మీ మేనత్త ఒకావిడ ఇలాగే తలుపులేసుక్కూర్చునేది. మీ వైపు రక్తంలోనే ఉంది," అని, పోయిన నాన్న ఫోటో వైపు చూసి మరీ అనేది. నేను కోచింగ్ సెంటర్‌ని తిట్టాను, ఫోన్‌ని తిట్టాను. కింద పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనర్‌ని కూడా వదల్లేదు. ఆయన ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"బిడ్డా, ఏమనుకోకు. నా తమ్మునికి సుత గిట్లనే అయ్యింది. ఇయ్యాల మంచిగ డ్యూటీకి పోతుండు. జర పెద్ద డాక్టర్‌కు చూపియ్యిండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి."

పైకొచ్చి అమ్మతో, "మన చేత ఇల్లు ఖాళీ చేయించడానికి ఎత్తు వేస్తున్నాడు," అని చెప్పాను. ఆ మంచి మాటను అలా అర్థం చేసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అన్నయ్య వరసగా మూడు రోజులు కంటి మీద కునుకు లేకుండా గడిపాక, నిద్రకు మందిస్తారంతే అని నచ్చజెప్పి, సోమాజిగూడలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. వెయిటింగ్ హాల్లో కూర్చుని ఎవరికి ఏ జబ్బో కనిపెట్టే పనిలో పడ్డాను. కళ్ళు తుడుచుకుంటున్నావిడ పేషెంటనుకున్నాను. ఆవిడ తోడొచ్చిన అక్క అట. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్లో ఆఫీసు పనులు పురమాయిస్తున్నాయన పేషెంటు. ఇంతలో నా పక్కనున్న పెద్దావిడ జాలిగా నా చెయ్యి పట్టుకుని, "నీకెన్నాళ్ళ నుంచమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ అన్నయ్యతో చాలాసేపు మాట్లాడాక మమ్మల్ని పిలిచింది. "ఇవన్నీ ఒకటే జబ్బు కాదమ్మా," అంది. "కుంగుబాటు వస్తే మనిషికి మంచం మీంచి లేవబుద్ధి కాదు. ఆందోళన జబ్బులో ఏమీ జరక్కుండానే గుండె దడదడలాడుతుంది. కొందరికి కొన్నాళ్ళు పట్టరాని హుషారు, కొన్నాళ్ళు అంతులేని దిగులు. మీ వాడిది వేరే. లేని మాటలు వినిపిస్తున్నాయి, లేని అర్థాలు కనిపిస్తున్నాయి. స్కిజోఫ్రేనియా కావచ్చు. ఇంకొన్నాళ్ళు చూడందే ఆ పేరు ఖాయం చెయ్యను."

"ఎవరి వల్ల వచ్చిందండీ?" అన్నాను.

"ఎవరి వల్లా కాదు. వంశంలో ఉన్నది కొంత కావచ్చు, మెదడు పనిచేసే తీరులో మార్పు కొంత, నిద్ర లేకపోవడం, ఒత్తిడి, మీ నాన్నగారు పోవడం... ఏది ఎంతో విడదీసి చెప్పలేం. దొంగను పట్టుకోవాలని చూడకండి. వేళకు మందు పడేలా చూడండి."

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఎవరో ఒకరు దొరికితే బాగుండేది, తిట్టుకునైనా బతికేదాన్ని.

అన్నయ్య వారం రోజులు మాత్రలు వేసుకున్నాడు. తర్వాత ఫోన్లో వాటి పేరు వెతికి, దేనికిస్తారో చదివి, అట్టలన్నీ చెత్తబుట్టలో పడేశాడు. మళ్ళీ డాక్టర్ దగ్గరికి రానన్నాడు. నేనొక్కదాన్నే వెళ్తే హాల్లో ఆ పెద్దావిడే కనిపించి, సంగతి విని, "పెరుగన్నంలో కలిపెయ్యండి. మా ఇంట్లో అదే చేస్తున్నాం," అంది. ఆ మాట నేను డాక్టరమ్మతో అనలేదు. కొత్త అట్టలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

పెరుగన్నంలో చేదు తెలిసిపోయింది. ఒక్క ముద్ద తిని కంచం నెట్టేశాడు. అప్పుడు అమ్మకు గోంగూర గుర్తొచ్చింది. అన్నయ్యకు గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగదు. ఎండుమిర్చి, వెల్లుల్లి దట్టించి నూరితే ఆ పులుపులో ఏ చేదూ పైకి తేలదు. రోజూ వంటింటి తలుపు దగ్గరికేసి, మాత్రను ఒక కాగితంలో మడిచి చపాతీ కర్రతో పొడి చేసేది. ఆ కాగితం కూడా నా బ్యాగులో పోగయ్యే కోచింగ్ కరపత్రమే. పచ్చడి గిన్నెలు రెండు, అన్నయ్యదొకటి, మాదొకటి.

నెల తిరిగేసరికి కిటికీలు తెరుచుకున్నాయి. అన్నయ్య ఒకరోజు తనంతట తనే మెట్రో ఎక్కి ఎర్రమంజిల్ దాకా వెళ్ళొచ్చాడు. అమ్మా నేనూ వంటింట్లో చేతులు పట్టుకుని ఏడ్చేశాం. ఆ వారమే, అన్నం తింటూ, "పచ్చడిలో ఏదో కలుపుతున్నారు," అన్నాడు.

"నీ మీద ఒట్టు నాన్నా, ఏం కలపట్లేదు," అంది అమ్మ.

"మీకు వేసేది వేరు, నాకు వేసేది వేరు."

"అదే నీ జబ్బు అన్నయ్యా," అన్నాను. తొణక్కుండా అన్నాను. తను తలొంచుకుని, నా మాటే నిజమేమోనన్నట్టు, పచ్చడి కలుపుకుని తిన్నాడు. అన్నయ్య నన్ను నమ్మినందుకు నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. అంత నీచంగా ఎలా ఉండగలిగానో తెలియదు.

తర్వాతిసారి డాక్టరమ్మ ఎలా ఉన్నాడని అడిగితే, "అన్నీ బాగున్నాయండీ, ఒక్క అనుమానం తగ్గలేదు. అన్నంలో ఏదో కలుపుతున్నామంటాడు," అన్నాను. మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగింది. రోజూ పడుతున్నాయన్నాను. ఆవిడ ఆలోచించి డోసు పెంచి రాసింది. రాస్తున్నప్పుడు పెన్ను వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట చెబితే ఆగేది. దొంగతనం బయటపడుతుందని చెప్పలేదు.

రెండు వారాల్లో అన్నయ్య వేళ్ళు వణకడం మొదలెట్టాయి. నడక కొయ్యబారింది. చొక్కా గుండీ పెట్టుకోలేక, అమ్మ పెట్టబోతే విసిరికొట్టి, గుండీలు లేకుండానే హాల్లో కూర్చున్నాడు. "నన్నేం చేస్తున్నారే?" అని నన్నే అడిగాడు. ఆ పూటే ఆఫీసుకు సెలవు పెట్టి సోమాజిగూడ వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను.

డాక్టరమ్మ పాత చీటీ తీసి తను రాసిన డోసు చూసుకుంది. "నేను డోసు పెంచింది జబ్బుకి కాదన్నమాట, మీ పచ్చడికి," అంది. డోసు తగ్గించి, వణుక్కి వేరే మాత్ర రాసి, రెండు రోజుల్లో మనిషిని తీసుకురమ్మంది. "ఈ మాట చెప్పాల్సింది నాకొక్కదానికే కాదు. ఇంటికెళ్ళి అతనికి చెప్పండి. మళ్ళీ మందు మానేస్తాడేమో, మిమ్మల్ని నమ్మడమే మానేస్తాడేమో. అయినా చెప్పండి."

ఇక కలపొద్దని అమ్మకు ఫోన్ చేసి, సోమాజిగూడ నుంచి పంజాగుట్ట మీదుగా ఇంటికి నడిచే వెళ్ళాను. అమీర్‌పేటలో ఎవరో చేతిలో కరపత్రం పెట్టారు. ఎందుకో దాన్ని తిప్పి వెనక ఏమైనా రాసుందా అని చూశాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం ముగ్గురం భోజనాలకు కూర్చున్నాం. పచ్చడి గిన్నె ఒక్కటే ఉంది.

"అన్నయ్యా, నువ్వన్నది నిజం. రెండు నెలల నుంచి పచ్చడిలో మాత్ర కలిపాం," అన్నాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "అది నా జబ్బన్నావుగా," అన్నాడు.

"అన్నాను."

"డాక్టర్‌తో కూడా అన్నావా?"

"అన్నాను."

వణికే వేళ్ళతోనే గోంగూర వేసుకుని అన్నం కలిపాడు. ముద్ద చేసి నా నోటి ముందు పెట్టాడు. "తిను."

అమ్మ నిన్న ఫోన్లో సరేనంది. కానీ అమ్మ సరేనన్నంత మాత్రాన మానేసినట్టా? అమ్మ వైపు చూశాను. అమ్మ పొయ్యి వైపు చూస్తోంది. నాకు తెలియకుండానే ముక్కు ముద్ద దగ్గరికి వెళ్ళింది. వాసన చూశాను.

"చూశావా," అన్నాడు అన్నయ్య. "రెండు నెలలు నేను తిన్న అన్నం ఇది."

ఆ ముద్ద తిన్నాను. అందులో ఏమీ లేదు. ఉప్పు కాస్త ఎక్కువైంది, అంతే. ఏడుపుతో కలిపి మింగాను.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. అన్నయ్య మందు మానలేదు. అట్టలోంచి మాత్ర తనే తీసుకుని, మా ఎదురుగానే వేసుకుంటాడు. పచ్చడి మాత్రం నేను మొదటి ముద్ద తిన్నాకే కంచంలో వేయించుకుంటాడు. అది జబ్బు కాదని డాక్టరమ్మకు నేనే చెప్పాను.