నాలుగున్నర జానల గౌను

మా ఊళ్లో మామా అంటే మీసాలుండాలి. కువైట్‌లో మామా అంటే పనిలో పెట్టుకున్న ఇంటావిడ. మిష్రిఫ్‌లో మా మామా ఇంట్లో అయిదేళ్లుగా ఉంటున్నాను. కిందటేడు సామాన్ల గది సర్దిస్తూ ఒక పాత కుట్టుమిషన్‌ను బయట పడేయమంది. "నేను పెట్టుకోనా మామా?" అన్నాను. "యల్లా, తీసుకో" అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటివాళ్లంతా మామా పుట్టింటికి భోజనానికి పోతారు. ఆ రెండు గంటలూ నావి. దారం ఎక్కించడం ఆ ఇంట్లోనే వంటచేసే ఆపా నేర్పింది. ఆమెది రాయచోటి. మొదటి నెలంతా నేను గుడ్డను కుట్టిందానికంటే సూది నన్ను కుట్టిందే ఎక్కువ. ఒకసారి తలగడ గలీబును నాలుగువైపులా కుట్టేసి, తలగడ ఎట్లా దూర్చాలా అని చూస్తూ కూర్చున్నాను.

"వాకిలి మూసేస్తివి గదే! పాపం దానికి వీసా ల్యా, లోపలికెట్ల పోతాది?" అని ఆపా పడీపడీ నవ్వింది.

నా ఆశంతా ఒక్కటే. నేను కుట్టిన గౌను నా కూతురు తొడుక్కోవాలి. దాన్ని అయిదేళ్లప్పుడు మా అత్త దగ్గర వదిలి వచ్చాను. ఫోనులో పాపను కొలత అడిగితే ఇంట్లో టేపు లేదంది.

"జానలేసి చెప్పు మే."

"భుజం కాడ్నుంచి మోకాలి దాంకా నాలుగున్నర జానలు మా."

"సరిగ్గా కొల్చినావా?"

"కొల్చినా మా. సగం జాన అవ్వ చెప్పింది."

నాకు తెలివి ఎక్కువ కదా! నా జాన పెద్దది, పిల్ల జాన చిన్నది అని ఆలోచించాను. ఊరు విడిచిన రోజు నా కుచ్చిళ్లు పట్టుకుని వదలని ఆ చెయ్యిని గుర్తుచేసుకుని, నా వేళ్లు దగ్గరికి ముడిచి, ఆ చిన్న జానతోనే గుడ్డ కత్తిరించాను. పసుపు గుడ్డ, రెండు జేబులు. మూడు శుక్రవారాలు పట్టింది. సెలవుపై ఊరికి పోతూ ఆపా దాన్ని తీసుకెళ్లి మా ఇంట్లో ఇచ్చింది.

వీడియోలో పాప గౌనును ఒంటికి ఆనించుకుని నిలబడింది. "శానా బాగుండాది మా."

"తొడుక్కోవే, చూస్తాను."

"ఇప్పుడొద్దులే మా. మాసిపోతాది."

వెనకనుంచి మా అత్త గొంతు: "ఏం తొడుక్కుంటాదిమ్మే, తలకాయే దూరల్యా! పిల్ల నా బుజం కాడికొచ్చె."

"నువ్వు ఊరకుండు అవ్వా!" పాప విసుక్కుంది. నావైపు తిరిగి, "కొంచిమే బిగువు మా. జేబులు బాగుండాయి" అంది.

"మళ్లీ కొల్చుకో మే. ఇంగోటి కుడతా."

అది గౌను మడత పెడుతూ తలెత్తలేదు. "నువ్వొచ్చినబ్బుడు కొల్చు మా."

ఆ వారమే మిర్కాబ్‌లో గుడ్డల అంగళ్లకు పోయి నీలం గుడ్డ కొన్నాను. అది ఇంకా కొన్న మడతల్లోనే ఉంది. ఎంత కత్తిరించాలో నాకు తెలియదు.