చీపురు చూపించిన వంపు

రోడ్ల శాఖలో గీతల ముఠా అంటే ఐదుగురు. ఒకడు రంగు కాచే బండి చూసుకుంటాడు, ఇద్దరు తాడు పట్టి సుద్దతో గుర్తు వేస్తారు, మేస్త్రి గీత లాగుతాడు. వీళ్లందరికంటే ముందు ఒక మనిషి చీపురుతో నడవాలి. దుమ్ము మీద రంగు పోస్తే వారం తిరక్కుండా పెచ్చులుగా లేచిపోతుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ ముందు నడిచే మనిషి ఆమే. జన్మలో ఒక్క గీత గీయకపోయినా అందరికీ ఆమె గీతలక్క.

ఏ రోడ్డు ఎలాంటిదో ఆమె చేట చెప్పేస్తుంది. లారీలు ఆగే చోట నట్లు, బోల్టులు వస్తాయి. బస్టాపుల దగ్గర టికెట్లు, నలిగిన కాగితం కప్పులు. బండ్లు గుద్దుకునే చోట గాజు వస్తుంది. అద్దం పెంకులు కంకర సందుల్లో ఇరుక్కుంటే ఏళ్లు గడిచినా వదలవు.

ఆ ఏడు రోడ్డు మీద చావులను సగానికి తగ్గించాలని ప్రభుత్వం పట్టుబట్టింది. జిల్లాకు ఒక్కటి చొప్పున, అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఎంచి ముందు అక్కడ పని మొదలుపెట్టమంది. రోడ్డు దాటడానికి ఎత్తుగా కట్టిన జీబ్రా దారి, నడుమ ఆగి నిలబడేందుకు దిమ్మె, రెండు వైపులా దీపాలు. పోలీసు రికార్డులు తిరగేస్తే ఈ జిల్లాలో ఆ చోటు పెట్రోలు బంకు ఎదురుగా తేలింది. మూడేళ్లలో పదకొండు ప్రమాదాలు, నలుగురు పోయారు.

గుర్తులు వేయాల్సిన రోజు పొద్దున్నే ఆమె బంకు ముందు ఊడ్చింది. మళ్లీ ఊడ్చింది. చేట తెచ్చి మేస్త్రి ముందు పెట్టింది.

“ఏంటక్కా, దుమ్ము నాకు చూపిస్తావేం? కూర వండుకోమంటావా?”

“గాజు లేదు మేస్త్రీ.”

“లేకపోతే మంచిదేగా, నీ చేతులు తెగవు.”

“పదకొండు సార్లు బండ్లు గుద్దుకున్న చోట పెంకుముక్క లేకపోతే ఎలా?”

“అక్కా, మనల్ని గీత గీయమన్నారు. ఎక్కడ, ఎందుకు అని అడగమనలేదు.”

ఆమె అడగడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఆమె ఆడపడుచును కారు గుద్దేసింది. బంకుకు ఆరువందల మీటర్ల అవతల, రోడ్డు వంపు తిరిగే చోట దారం మిల్లు పక్క గేటు ఉంది. షిఫ్టు వదలగానే మూడువందల మంది ఆడవాళ్లు ఆ గేటులోంచి వచ్చి, వంపు చాటున ఏ బండి వస్తోందో తెలియకుండా పరుగున రోడ్డు దాటుతారు. ఆడపడుచు మోకాలి కింద రాడ్డు వేశారు. ఆర్నెల్లకు మళ్లీ అదే పనిలో చేరింది, అదే వంపు దగ్గర దాటుతోంది. కాకపోతే ఇప్పుడు పరిగెత్తలేదు.

కాసేపటికి ఇంజనీరు జీపు దిగింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. చేటలోకి చూసి, తన చేతిలోని ఫైలు చూపించింది.

“పదకొండూ ఇక్కడే జరిగాయని రాశారక్కా.”

“రాసినవాళ్లు ఊడ్చారామ్మా?”

మేస్త్రి తల పక్కకు తిప్పుకుని దగ్గాడు. ఇంజనీరు నవ్వింది గానీ ఫైలు మూసింది. గీతలక్క వంపు సంగతి చెప్పాక, టేపు తెప్పించి బంకు దగ్గరా వంపు దగ్గరా సరిగ్గా ఇరవై మీటర్లు కొలిపించింది. బంకు దగ్గర రెండు సార్లు ఊడ్చినా గుప్పెడు మట్టి. వంపు దగ్గర ఒక్కసారి ఊడిస్తే చేటలో సగం పైగా గాజే. కారు అద్దం పెంకులు, వెనక దీపాల ఎర్ర ముక్కలు, స్కూటరు అద్దం చట్రం, తెగిన చెప్పు బకిలు. రెండింటినీ రెండు కవర్లలో పోయించి, తేదీ వేసి, ఇంజనీరు సంతకం పెట్టింది.

అక్కణ్నుంచి ఇద్దరూ పోలీసు స్టేషనుకు వెళ్లారు. స్టేషను కాగితాలన్నీ రాసే, రిటైరు కావడానికి దగ్గరలో ఉన్న రైటరు కవర్లు చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“దెబ్బ తగిలినవాళ్లని ముందు బంకుకే మోసుకొస్తారమ్మా. అక్కడ నీళ్లుంటాయి, నీడుంటుంది, మాకో కుర్చీ వేస్తారు. పంచనామా అక్కడ కూర్చునే రాస్తాం. రాసేటప్పుడు ‘బంకు వద్ద’ అని పడిపోతుంది. ఆ వంపుకు పేరేముంది రాయడానికి?”

నాలుగు రోజుల తర్వాత జిల్లా రోడ్డు భద్రతా కమిటీ కూర్చుంది. ప్లాను మీద అప్పటికే సంతకాలైపోయాయి. చోటు మారిస్తే ఈ ఏటికి పని చేజారుతుందని పెద్ద ఇంజనీరు భయం.

“చీపురు సాక్ష్యం మీద ప్లాన్లు మార్చే దాకా వచ్చామా?” అన్నాడు.

గీతలక్కను ఇంజనీరే వెంట తీసుకెళ్లింది. కుర్చీ అంచున కూర్చున్న ఆమె లేచి నిలబడింది.

“అయ్యా, మా ఆడపడుచు కాలు విరిగింది వంపు దగ్గర. మీ కాగితంలో బంకు దగ్గర విరిగింది. మీరు అక్కడే కట్టండి, పెట్రోలు పోసే కుర్రాళ్లు హాయిగా దాటుతారు. మావాళ్లు మాత్రం రోజుకు మూడు షిఫ్టులూ వంపు దగ్గరే పరిగెడతారు.”

అప్పుడు స్టేషను తరఫున వచ్చిన రైటరు లేచాడు. ఏ కబురుకు ఎక్కడికి వెళ్లిందీ రాసుకున్న మూడేళ్ల డ్యూటీ డైరీలు ఇంట్లోంచి వెతికి తెచ్చాడు. “తొమ్మిది వంపువేనండి. చావులు నాలుగూ అక్కడే. బంకువి రెండే. తప్పు మా చేతిదే,” అన్నాడు. అంతమంది అధికారుల మధ్య ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

జిల్లా అధికారి ప్లాను మీద చోటు కొట్టేసి కొత్తది రాసి, పక్కనే సంతకం పెట్టాడు. ఇకమీదట ప్రమాదం జరిగిన చోటును కిలోమీటరు రాయి నుంచి టేపుతో కొలిచి, అక్కడే నిలబడి రాయాలని అన్ని స్టేషన్లకూ ఉత్తర్వు వెళ్లింది. పెద్ద ఇంజనీరు బయటికి వస్తూ, “వంపులో కట్టాలంటే ఇంకో రెండు హెచ్చరిక బోర్డులు కావాలి, రేపే లెక్క వేయించు,” అని చిన్న ఇంజనీరుకు చెప్పాడు.

ఇంటికి రాగానే ఆడపడుచు అందుకుంది.

“ఏం వదినా, కుర్చీ వేశారా?”

“వేశారు. ఏసీ కూడా. చలికి పళ్లు టకటకలాడాయి, నేను ధైర్యంగా మాట్లాడాననుకున్నారు.”

మూడు నెలల్లో పని పూర్తయింది. చివరి రోజు మధ్యాహ్నం ముఠా రంగు బండి పక్కకు తీసే వేళకు మిల్లు షిఫ్టు వదిలింది. అలవాటు చొప్పున ఆడవాళ్లు పరుగు అందుకున్నారు. వంపు తిరిగిన లారీ ఎత్తు దారి చూసి వేగం తగ్గించి, బుసకొట్టి ఆగింది. ముందు పరిగెత్తినవాళ్లు నడుమ దిమ్మె మీద ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆడపడుచు అందరికంటే వెనక కుంటుతూ దిమ్మె దాకా వచ్చింది.

“వదినోయ్! లారీ నా కోసం ఆగింది చూశావా?”

“ఆగితే ఆగింది. కబుర్లు ఆపి దాటు.”

ఆడపడుచు తొందరపడలేదు. సంచీ భుజం మార్చుకుని, మిగతా సగం కూడా నడిచే దాటింది.