గోడకానుకొని కూర్చున్న ఆదివారాలు

కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. రేపు పొద్దున మా పుప్పాలగూడ ఫ్లాటు చూడటానికి కొనేవాళ్లు వస్తారు. మా ఆయన ఆరు నెలలుగా పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇది అమ్ముడుపోతే నేనూ, ఏడేళ్ల మా పాపా అక్కడికి వెళ్లిపోతాం. వారం రోజులుగా ఒక్కదాన్నే కిటికీలు తుడుస్తున్నాను, అరలు సర్దుతున్నాను, ఏదో మరిచిపోయానని మళ్లీ మొదటికొస్తున్నాను.

ఈ వాసనకు మియాపూర్‌లో మా రెండు గదుల ఇల్లు గుర్తుకొస్తుంది. అప్పుడు నాది ఇప్పటి పాప వయసే. నాయిన బస్సు డిపోలో మెకానిక్. నిజామాబాదుకు బదిలీ అయి అక్కడ కిరాయి గదిలో ఉండేవాడు. ఇల్లు అమ్ముడుపోతేనే అమ్మా నేనూ ఆయన దగ్గరికి పోయేది. వానలు వెనకపట్టి, తంగేడు పూలు బజారుకొచ్చి, ఇంటింటా వేయించిన నువ్వుల వాసన, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద వాసన తేలే బతుకమ్మ కాలమది. ఇల్లు చూసేవాళ్లొచ్చే ఆదివారం వచ్చిందంటే అమ్మ చీకటితోనే లేచి, కల్లాపి చల్లి, ముగ్గేసి, గడపకు పసుపు రాసి, సున్నంలో ఇంత నీలం కలిపి గోడలకు పూసేది. ఎన్ని పూతలు పూసినా, ఆరేసరికల్లా ముందుగది గోడ అడుగున చాటంత చెమ్మ మచ్చ పచ్చగా పైకి తేలేది. దాని ముందు చాప వేసి, చేతికి ఎక్కాల పుస్తకమిచ్చి, నన్ను గోడకానించి కూర్చోబెట్టేది.

"వాళ్లు పోయేదాంక లేవకు బిడ్డా. మలీద ముద్ద పెడ్త."

వీపు చల్లబడి గౌను తడిసిపోయేది. బయట నా దోస్తు సుజాత తొక్కుడుబిళ్ల గీతలు గీసి కేకేసేది. సుజాతను విడిచి పోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

మూడో ఆదివారం కోస్తావైపు పెద్దాయన ఒకాయన భార్యతో వచ్చాడు. "ఏవండీ, గాలీ వెలుతురూ బాగున్నాయి. తూర్పు వాకిలి కూడానూ," అన్నదావిడ. ఆయన నన్ను చూసి నవ్వాడు. "ఈ పాపని కూడా ఇంటితో కలిపే ఇస్తారా అమ్మా? వచ్చినప్పట్నుంచీ కదలట్లేదు."

అమ్మ కూడా నవ్వింది. నేను లేచాను. పుస్తకం చంకలో పెట్టుకొని, నెమ్మదిగా వాకిట్లోకి నడిచాను.

వాళ్లు మచ్చ చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మర్యాదగా మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. అమ్మ తిట్టలేదు. మలీద ముద్ద కూడా పెట్టింది. తర్వాత నేను లేచిన చాప మీదే, పొద్దు నడినెత్తికెక్కేదాకా ఒక్కతే కూర్చుంది. మేం నాయిన దగ్గరికి చేరడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ గల్లీ లేదు, ఆ వాకిళ్లు లేవు. మెట్రో దిగినవాళ్లు వాటి మీదుగానే నడిచిపోతుంటారు. సుజాత ఎక్కడుందో తెలియదు. అమ్మానాయినలు నిజామాబాదులోనే స్థిరపడ్డారు. ఇవాళ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి, ఇన్నేళ్లు దాచిన మాట చెప్పాను: ఆ రోజు కావాలనే లేచానని.

"నాకెరుకే," అన్నది అమ్మ. "మీ నాయినకు ఇప్పటిదాంక చెప్పలే." మళ్లీ తనే, "తప్పు నాదే. పోదమా బిడ్డా అని నిన్నొక్క మాట అడగకపోతిని. నువ్వన్న నీ బిడ్డను అడిగినవా?"

లేదమ్మా, అని ఫోన్ పెట్టేసి, పాప పక్కకెళ్లి కూర్చున్నాను.