పదకొండేళ్ల కొత్త టైర్లు

మా ఆయనకు టైరు కనిపిస్తే చాలు, వంగి చూడాల్సిందే. పెళ్లికెళ్లినా ముందు పెళ్లికొడుకును కాదు, అతను దిగిన కారు టైర్లను పలకరిస్తాడు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, మిగతా రెండూ సంవత్సరం. ఇరవై ఆరేళ్లుగా మా టైర్ల షాపులో ఆ అంకెలు చదువుతూనే ఉన్నాడు. పదేళ్లు దాటితే ఎంత పెద్దమనిషి కారైనా సరే, గాలి కూడా కొట్టడు. ఆ మొండితనం వల్ల పోయిన బేరాలకు నేనే సాక్షిని.

అలాంటి మనిషి సొంత అన్నయ్య ముందు బెల్లం కొట్టిన రాయి. అదే నాకు ఒళ్లుమంట.

ఆ రోజు మా బావగారు కారు తెచ్చారు. కొన్ననాటి నుంచీ షెడ్డులో కవరు కప్పి దాచుకున్న కారు. మర్నాడు కూతుర్నీ, మూడేళ్ల మనవరాలినీ ఎక్కించుకుని మూడు వందల కిలోమీటర్లు వెళ్లాలట.

“గాలి చూడరా, చాలు. తొమ్మిది వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. గ్రిప్పు చూశావా, కొత్తదానిలా లేదూ?”

అంకెలు లోపలివైపు ఉన్నాయి. మా ఆయన కారు కింద వెల్లకిలా పడుకుని, టార్చి వేసి చదివాడు. లేచి వచ్చి, “పదకొండేళ్లయిందన్నయ్యా. పక్కన పగుళ్లున్నాయి. మార్చాలి” అన్నాడు, తప్పు తనదైనట్టు నసుగుతూ.

“నాకే బేరం పెడుతున్నావా?” అన్నారాయన.

మా ఆయన తలొంచుకుని గాలి పైపు అందుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెప్పే నీతులు ఇంటి పిల్లలకు అక్కర్లేదా?

“పైన పటారం, లోన లొటారం బావగారూ. రబ్బరు ఎండిపోయింది. దారిలో పేలితే ఆ పసిదాని గతేంటి?” అన్నాను.

“నువ్వూరుకోమ్మా, అన్నదమ్ముల మధ్య నీకెందుకు” అని ఆయన తమ్ముడి వైపు తిరిగారు. “సరిగ్గా కొట్టరా. ముందు సీట్లో తాత పక్కనే కూర్చుంటానని ఒకటే గొడవ చేస్తోంది అది.”

మా ఆయన పైపు కింద పెట్టేశాడు. ముందు చక్రానికి వాల్వు పిన్ను పీకి, గాలంతా పోయేదాకా ఆగాడు. లోపలికెళ్లి కత్తి తెచ్చి టైరు పక్కన జానెడు కోశాడు.

“పిచ్చెక్కిందట్రా నీకు? అమ్మా నాన్నా పోయాక నిన్ను పెంచి పెద్దచేసినందుకు ఇదా నువ్వు చేసేది?”

“పెంచావు కాబట్టే కోశాను. పరాయివాడివైతే చెప్పి వదిలేసేవాణ్ణి” అంటూ రెండో చక్రం దగ్గరకు నడిచాడు.

బావగారు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. నాలుగు నెలలైంది, ఇప్పటికీ ఫోన్ చేస్తే ఎత్తరు. ఆయన మీద నా కోపమూ చల్లారలేదు.

టైర్లు కోసిన మర్నాడు బావగారి కూతురు పిల్లనెత్తుకుని బస్సులో వెళ్లింది. సాయంత్రం ఫోన్ చేసింది. “బాబాయ్, క్షేమంగా చేరాం. నీతో మాట్లాడానని నాన్నకు చెప్పకు.”

సరేనమ్మా అని ఫోన్ పెట్టేసి, షాపు మధ్యలోనే కూర్చుని ఏడ్చాడు మా ఆయన.