శోభనాద్రి గారు తెరవని పొట్ట

మూత ఉన్న వస్తువు కంటపడితే తెరిచి చూడకుండా ఉండలేకపోవడం డాక్టర్ శోభనాద్రి గారి జబ్బు. గుడివాడలో ఆయన ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా ఏళ్ల తరబడి పక్కనే ఉన్నాను కనుక చెబుతున్నాను, దానికి మందు లేదు.

హోటల్లో పూరీని పొడిచి, లోపల ఏమీ లేదని తేల్చుకున్నాకే తినేవారు. పామర్రు సెంటర్లో బస్సు ఆగిపోతే అందరికంటే ముందు దిగి బానెట్ ఎత్తేవారు.

"మీకు ఇంజను పని తెలుసాండీ?" అన్నాడు డ్రైవరు.

"తెలీదయ్యా. అందుకేగా తెరిచింది!"

ఆయన భార్య రాజ్యలక్ష్మి గారైతే, "పెళ్లిచూపులకొచ్చి ముందు మా గోడగడియారం విప్పారండీ. నన్ను చూసింది ఆ తర్వాతే" అనేవారు.

ఆపరేషన్ అంటే ఇక చెప్పక్కర్లేదు. "చెయ్యి పట్టని కోత కోతేంటయ్యా? లోపల ఏముందో మొత్తం కనపడాలి" అంటూ బారెడు కోసేవారు. ఆయన చేతిలో మనిషి మాత్రం బతికి బయటపడేవాడు.

ఆయన దగ్గరే పని నేర్చిన సుధీర్ తొంభైల చివర్లో బందరులో ఆసుపత్రి పెట్టి ల్యాపరోస్కోపు తెచ్చాడు. పొట్టకు చిన్న చిన్న కన్నాలు పెట్టి, గాలి నింపి, కెమెరా దూర్చి, టీవీలో చూస్తూ ఆపరేషన్ చేయడమన్నమాట. శోభనాద్రి గారికి నవ్వాగలేదు.

"తాళం కన్నంలోంచి ఇల్లు ఊడుస్తాడటయ్యా మనవాడు!"

అలాంటి రోజుల్లో దివిసీమ నుంచి నాంచారమ్మ వచ్చింది. గొర్రెల మంద ఆమెది. స్కానింగులో కాలేయం మీద కొబ్బరికాయంత నీటి తిత్తి కనిపించింది. మంద కుక్కల నుంచి అంటిన పురుగు కట్టుకున్న గూడు అది. పగిలి ఆ నీరు లోపల కారితే ప్రాణానికే ముప్పు.

"పొట్ట కోయించుకుని నెలల తరబడి మంచాన పడితే నా మందనెవరు తోల్తారండీ? కొయ్యనంటేనే ఉంటా. లేదంటే పోతా" అని ఆమె మూట సర్దుకుంది.

శోభనాద్రి గారు స్కానింగు ఫిల్మును వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత సుధీర్‌కి తనే ఫోన్ చేశారు.

"తిత్తి పైపైనే ఉందిరా. నీ కన్నాలకు అందుతుంది."

"చెయ్యొచ్చు సార్. కానీ కారితే?"

"కారితే తెరవడానికి చేతులు కడుక్కుని నీ పక్కన నేనుంటాగా!"

కొన్నాళ్లు మందులు వాడించాక బందరులో ఆపరేషన్. మత్తు నేనే ఇచ్చాను. సుధీర్ గాలి నింపాడో లేదో బీపీ పడిపోవడం మొదలైంది. తిత్తి పగిలినా బీపీ ఇలాగే పడిపోతుంది. సుధీర్ ఆయన వైపు తిరిగాడు.

"సార్, తెరుద్దామా?"

జన్మంతా ఈ మాట కోసమే కాచుకున్న మనిషి! కత్తి అందుబాటులోనే ఉంది. ఆయన వేళ్లు ఒకసారి ఆడాయి. కళ్లు మాత్రం టీవీ మీదే ఉన్నాయి.

"తిత్తి బిగువుగానే ఉంది. కారలేదు. ఏమయ్యా మత్తు డాక్టరూ, నువ్వేమంటావ్?"

"గాలి ఎక్కువై లోపలి రక్తనాళాలను నొక్కుతున్నట్టుందండీ."

"అయితే గాలి తగ్గించరా. తెరవొద్దు."

ఆ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. గాలి తగ్గించగానే బీపీ లేచింది. సుధీర్ తిత్తిలోకి పురుగును చంపే ఉప్పునీరు ఎక్కించి, లోపలున్నదంతా పీల్చేసి, పొరను సంచిలో పెట్టి చుక్క కారకుండా బయటికి లాగాడు.

నాలుగో రోజుకు నాంచారమ్మ లేచి తిరుగుతోంది. "నాకు చేసిందెవరండీ?" అని అడిగింది.

"సుధీర్ గారమ్మా" అన్నారు శోభనాద్రి గారు, ఆ 'గారు'ని గట్టిగా నొక్కి. సుధీర్ తల వంచుకున్నాడు. నేనైతే ఆ ఇద్దరి పక్కన మత్తు డాక్టరునైనందుకు ఛాతీ విరుచుకున్నాను.

"మరి మీరేం చేశారండీ?"

"టీవీ చూశాను."

అంతటితో ఊరుకోలేదాయన. మళ్లీ ఆ పురుగు ఎవరికీ అంటకూడదని పశువుల డాక్టరు దగ్గర కుక్కలకు వేసే పురుగుల మాత్రలు తీసుకుని, నన్నూ లాక్కుని అవనిగడ్డ బస్సెక్కారు. మంద దగ్గర కుక్కను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నారు. అది గుర్రుమంది.

"బాబోయ్, నోరు తెరుస్తోంది, కరుస్తదండీ!" అని అరిచింది నాంచారమ్మ.

"తెరవనీ అమ్మా," అన్నారాయన మాత్ర పట్టుకుని, మొహమంతా వెలిగిపోతుండగా, "నాకు కావలసిందీ అదే!"