వరస నంబరు

మొన్న కడపలో రక్తపరీక్ష చేయించుకోవడానికి కూర్చున్నాను. స్పిరిట్‌లో ముంచిన దూది మోచేతి మడతలో చల్లగా తగిలి, ఆ ఘాటు ముక్కుకెక్కగానే రూతమ్మ మేడం గుర్తొచ్చారు. ఆమె డాక్టరు కాదు. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో, నాలుగు కంప్యూటర్లతో వెబ్‌పేజీలు తయారుచేసే చిన్న ఆఫీసు నడిపేవారు. అంతకుముందు జమ్మలమడుగులో లెక్కల టీచరు.

ఇరవై నాలుగేళ్ళప్పుడు వేంపల్లె నుంచి వచ్చి ఆమె దగ్గర చేరాను. కాలేజీ చదువు పరీక్షల దాకానే. పని నేర్పింది ఆమె. తెర మీద కనిపించే పేజీకి ఒక అచ్చు ఉంటుంది, దాన్ని టెంప్లేట్ అంటాం. పేజీలో బటన్ నొక్కితే వెనకాల ఒక మెథడ్ కదిలి పని చేస్తుంది. ఎవరి కోసం చేయాలో అచ్చులోంచే దానికి చెప్పి పంపాలి. అలా పంపేదే పారామీటరు. మొదటి వారంలోనే నా కుర్చీ పక్కన నిలబడి చెప్పారు. "మూడో బెంచీలో ఉండే పిల్లను పిల్చుకోని రాపో అంటే ఏమైతాది? ఆ పిల్ల బెంచీ మారింటే ఇంకో పిల్ల వస్తాది. పేరు జెప్పి పిలువు. మెథడ్‌కు కండ్లుండవు నాగవేణీ. నువ్వు పంపిందే దానికి తెలుసు." నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పులివెందులలో ఒక రక్తపరీక్షల కేంద్రం వాళ్ళు, డాక్టర్లు తమ గదిలోనే రిపోర్టులు చూసుకునేలా ఒక పేజీ కావాలన్నారు. ఏ రోజుకారోజు వచ్చిన రోగుల పేర్లు వరసగా ఉంటాయి, ఒక్కో పేరు పక్కన ఒక బటన్. నొక్కితే ఆ మనిషి అంకెలు చిన్న పెట్టెలో తెరుచుకోవాలి. ప్రతి రోగికీ సొంత నంబరు ఉంది. మెథడ్‌కు అదే పంపాలి. కానీ దాన్ని అచ్చులోకి తేవాలంటే ఇంకో రెండు చోట్ల మార్పులు చేయాలి. వరస నంబరైతే చేతిలోనే ఉంది: మొదటి పేరుకు ఒకటి, రెండో పేరుకు రెండు. అదే పంపాను. ఆఫీసులో ఎన్నిసార్లు నొక్కినా సరైన రిపోర్టే వచ్చింది. తీరిగ్గా మార్చుదామనుకున్నాను. ఆ వారం మేడం గుండెనొప్పితో ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడి నుంచే ఫోన్ చేశారు.

"రోగి నంబరు పంపినావా, వరస పంపినావా?"

"రోగి నంబరే మేడం" అన్నాను.

లింగాల దగ్గర కూలి పనులు చేసుకునే ఓబుళమ్మ, కాళ్ళు వాచి నొప్పెడుతున్నాయని పులివెందుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన పేజీ తెరిచి పెట్టుకున్నాక, కేంద్రంలో కొత్త రోగి పేరొకటి జాబితా పైన చేరింది. అందరూ ఒక్కో వరస కిందికి జరిగారు. డాక్టరు తెర మీద మాత్రం పాత జాబితానే ఉంది. ఆయన ఓబుళమ్మ పేరు పక్కన నొక్కితే, మెథడ్ ఆ పాత వరస నంబరునే కొత్త జాబితాలో వెదికింది; ఆమె పై వరసలో ఉన్న మనిషి అంకెలు వచ్చాయి. ఆ పెట్టెలో నేను పేరు మళ్ళీ వేయలేదు. డాక్టరు మూత్రపిండాలు బాగున్నాయని చెప్పి, కీళ్ళనొప్పులకు మాత్రలు రాసి పంపారు. అప్పటికే పాడవుతున్న మూత్రపిండాలను ఆ మాత్రలు ఇంకా పాడుచేశాయి. నెల తరవాత ఆమె చేలోనే పడిపోయింది. కడప ఆసుపత్రిలో పాత కాగితాలు తెప్పించి చూసినప్పుడు తేడా బయటపడింది.

మేడం నా కోడు తెరిచి చదివారు. అరవలేదు. "నాతో అబద్ధం జెప్పినావు" అన్నారు, అంతే. మిగిలిన రోగులందరి రిపోర్టులూ ఇద్దరం కూర్చుని వెదికాం; ఇంకెవరికీ నష్టం జరగలేదు. కేంద్రం వాళ్ళు, మాట్లాడకుండా ఊరుకోండి, కంప్యూటర్ తప్పని చెప్పుకుందాం అన్నారు. మేడం బ్యాగు భుజాన వేసుకుని, "పా, లింగాలకు పోదాం" అన్నారు.

ఓబుళమ్మ మంచం మీద ఉంది. ముఖం ఉబ్బింది. కూతురు ఈశ్వరమ్మ మాకు నీళ్ళిచ్చింది. మేడం చెంబు పక్కన పెట్టి, నిలబడే చెప్పారు. "డాక్టరు జూసింది నీ రిపోర్టు కాదమ్మా, ఇంకొకరిది. ఆ పేజీ జేసింది మేమే. తప్పు నాది."

ఓబుళమ్మ మోచెయ్యి ఆనించి మేడం వైపు తిరిగింది. "అయితే నాకు అప్పుడే రోగముండిందా?"

"ఉండిందమ్మా."

"అప్పుడే తెలిసింటే నయమయ్యేదా?"

"నయం గాకపోయినా, ఇంత తొందరగా ఇట్లయ్యేది కాదంట."

ఈశ్వరమ్మ మమ్మల్ని బయటికి పొమ్మని అరిచింది. ఓబుళమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఉండనీలేమే. చెప్పేకైనా వచ్చినారు."

తిరుగు బస్సులో, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. "నీ పని చూడాల్సింది నేను. చూడలే" అన్నారు కిటికీ వైపు తిరిగి. కేంద్రానికీ, డాక్టరుకూ ఉత్తరాలు రాసి తన సంతకం ఒక్కటే పెట్టారు. సంగతి ఊరంతా పాకింది. కొత్త పనులు రాలేదు, పాతవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఏడాది తిరక్కుండా ఆఫీసు మూతపడింది. నేను కడపలో ఇంకో ఉద్యోగంలో చేరాను. మేడం మాత్రం, తన గుండె జబ్బుతోనే, ఓబుళమ్మ డయాలసిస్‌కు వచ్చే రోజుల్లో బస్సెక్కి కడపకు వచ్చి, ఆమె పక్కన కూర్చునేవారు. నేను అదే ఊళ్ళో ఉండి ఒక్కసారీ వెళ్ళలేదు. రెండో ఎండాకాలంలో ఓబుళమ్మ చనిపోయింది.

మేడం నిరుడు పోయారు. జమ్మలమడుగులో సమాధి కార్యక్రమం ముగిశాక గేటు దగ్గర ఈశ్వరమ్మ కనిపించింది. అన్నేళ్ళూ నోట్లోనే ఉన్న మాట అప్పుడు చెప్పాను. "ఆ తప్పు మేడంది కాదక్కా. నాది. నేను రాసిన పేజీ అది."

ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసు. ఆ దినం మేడం మా అమ్మ మొగం జూసి మాట్లాడె. నువ్వు గోడ జూస్తాంటివి."

"మరి అడగలేదేమక్కా?"

"నువ్వే వచ్చి చెప్తావనుకుంటి. మా అమ్మ ఉండంగనే వచ్చింటే బాగుండు." చెంగు భుజం చుట్టూ లాక్కుని బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా కింద ఇద్దరు పనిచేస్తున్నారు. వాళ్ళ తప్పు వల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఆ రోజే ఆ మనిషి దగ్గరికి బయలుదేరతాను. తప్పు చేసినవాళ్ళను వెంట తీసుకుపోతాను. అంతవరకు మేడం నేర్పినట్టే చేస్తాను. అక్కడికి వెళ్ళాక మాత్రం నేను నోరు విప్పను, వాళ్ళనే మాట్లాడనిస్తాను.